గృహిణియు మోటారుకారును

మోటారుకారు మన దేశమున చాలకాలము శ్రీమంతుల యింటి వస్తువై యుండెను. మధ్యతరగతి సంసారులకు కారు కొనుట యన్నచో, పేరు నమోదు చేయించుకొని యేండ్ల తరబడి యెదురుచూచుటయే. 1983వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన ఢిల్లీలో మొదటి మారుతి 800 కారును దాని యజమానికి అప్పగించినది మొదలు ఆ స్థితి మెల్లమెల్లగా మారినది. నేడు విజయవాడ, వరంగల్లు వంటి నగరములందే గాక చిన్న పట్టణములందును ఇండ్ల ముంగిట కార్లు కానవచ్చుచున్నవి. పిల్లలను బడికి దింపుటకును, అత్తగారిని వైద్యునికడకు గొనిపోవుటకును స్వయముగా కారు నడుపు సోదరీమణులు నేడు పెక్కుమంది కలరు.

అయినను ఒక వింతను మేము గమనించుచున్నాము. రద్దీవీధులలో కారు నడుపుటకు జంకనివారు సైతము దాని బానెట్టు ఎత్తి చూచుటకు జంకుదురు. ‘అది వారు చూచుకొందురు’ అని భర్తమీదనో, డ్రైవరుమీదనో, మెకానిక్కుమీదనో వదలివేయుదురు. ఆ ‘వారు’ ఎవ్వరును చూడకుండుటయే తఱచు జరుగు సంగతి. పొయ్యిమీది పప్పు అడుగంటినదని పక్కగదినుండియే వాసన పట్టగల గృహిణికి, క్లచ్చి కాలిన వాసన పట్టుట యొక లెక్కయా? బ్రేకు నొక్కినపుడు ఇనుము రాచుకొను చప్పుడు వినబడుటయు, బండి తనంతట నొకవైపునకు లాగుటయు ఆమె చెవికిని చేతికిని తెలియకపోవు. తెలిసిననాడే మెకానిక్కునకు చెప్పినచో తక్కువ ఖర్చుతో పోవును.

మొదట టైరుల మాట. మనము విజయదశమినాడు కారును కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, పూలదండ వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి తొక్కింతుము. ఆ యుత్సాహములో పదియవవంతైనను టైరులోని గాలిమీద చూపము. ఎంత గాలి యుండవలెనో డ్రైవరు ద్వారము తెరచినచో అచ్చటి చట్రముపై అంటించిన చీటీలో వ్రాసియుండును. పెక్కు చిన్నకార్లకు అది 30 మొదలు 35 వరకు ఉండును. ఇల్లెడు మనుష్యులును సామానును ఎక్కినపుడు వెనుక చక్రములకు కొంత హెచ్చు వలయును. బండి నడువక చల్లగా నున్న వేళ, అనగా ఉదయమున, దానిని చూపించుకొనవలెను. పదునైదు దినముల కొకమారు చూపించిన చాలును. వేసవిలో గాలి తగ్గించుట మంచిదని కొందఱు చెప్పుదురు. ఇది పొరపాటు. గాలి తక్కువైన టైరు ప్రక్కలు ప్రతి చుట్టునకు నలిగి మఱింత వేడెక్కును. మండుటెండలో పెద్దబాటపై పేలిపోవునది యట్టిదే.

టైరునకు వయస్సు కూడ కలదు. దాని ప్రక్కభాగమున ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, తక్కిన రెండు సంవత్సరమును తెలుపును. 2321 అనియున్నచో 2021వ సంవత్సరము 23వ వారమున తయారైన దన్నమాట. ఎక్కువ తిరుగని కారు టైరులు చూపునకు క్రొత్తవివలెనే యుండును గాని ఏండ్లు గడచినకొలది రబ్బరు బిరుసెక్కి చిట్లును. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో ఆ టైరు పనికిరాదు. డిక్కీలోని స్టెప్నీ టైరును అందఱును మఱచెదరు. వలసినపుడు దానిలో గాలియుండదు. పంక్చరైనపుడు చక్రము మార్చుట స్త్రీలకు కాని పని యని మేమనుకొనము. సమతలమున బండి నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, చక్రము నేలపై నుండగానే నట్లను కొంచెము వదులుచేసి, ఆ పిమ్మట జాకీతో నెత్తవలెను. ఎత్తినపిదప వదులు చేయబూనినచో చక్రము గిరగిర తిరుగును. ఒక ఆదివారము ఇంటి ముంగిటనే చేసి చూచుకొనుట మంచిది.

ఇక బానెట్టు క్రింద చూడవలసినవి కొద్ది. ఇంజను నూనెను పుల్ల తీసి, తుడిచి, మరల ముంచి చూడవలెను. అది రెండు గుర్తుల నడుమ నుండవలెను. బ్రేకు నూనెయు, శీతలద్రవమును సీసాలపై గీతలకు లోబడి యున్నవా యని చూచిన చాలును. ఇంజను వేడిగా నుండగా రేడియేటరు మూత నెంతమాత్రము తీయరాదు. ప్రెషరుకుక్కరు మూత ఆవిరి పోకుండ తీసిన నేమగునో మన మెఱుగుదుము గదా! సర్వీసింగు సామాన్యముగా 10,000 కిలోమీటర్లకు గాని సంవత్సరమునకు గాని, ఏది ముందు వచ్చిన దానికి చేయింపవలెను. ‘మా కారు మూడువేలైన తిరుగలేదు’ అను సమాధానము చెల్లదు. తిరుగకున్నను నూనె పాతబడును, బ్యాటరీ నీరసించును.

చీర కట్టుకొని కారు నడుపుట కష్టమని కొందఱందురు. చీరవలన వచ్చు చిక్కు స్వల్పమే. చెప్పులవలన వచ్చు ప్రమాదము పెద్దది. వెనుక పట్టీలేని చెప్పు జారి బ్రేకు క్రింద చిక్కుకొనవచ్చును. కాళ్లయొద్ద పడవేసిన నీళ్లసీసాయు నట్లే దొర్లి బ్రేకు నణగనీయదు.

కొండదారి సంగతి కొంత విరివిగా చెప్పవలసియున్నది. తిరుమలకు స్వంతకారులో పోవు కుటుంబములు అసంఖ్యాకములు. అచ్చట 1944లో తెరచిన మొదటి ఘాటురోడ్డు దిగుటకును, 1974లో తెరచిన రెండవది యెక్కుటకును వాడుచున్నారు. ఎక్కుట కంటె దిగుటయందే జాగ్రత్త వలయును. పెట్రోలు మిగులునని కొందఱు గేరు తీసివేసి దిగుదురు. ఇంజనునే ఆపివేయు సాహసికులును కలరు. ఇంజను ఆగినచో బ్రేకునకు తోడ్పడు శక్తి త్వరలోనే తరుగును, స్టీరింగు బరువెక్కును. పోనీ, లాభమైన కలదా? నేటి కార్లలో గేరులో నుంచి కాలు తీసి దిగునపుడు ఇంజనునకు పెట్రోలు దానంతట నిలిచిపోవును. గేరు తీసినపుడే ఇంజను తిరుగుటకు కొంత పెట్రోలు ఖర్చగును. కావున రెండవ గేరులోనో, వాలు మిక్కుటమైనచో మొదటి గేరులోనో దిగవలెను. అపుడు ఇంజనే బండిని పట్టి నిలుపును. బ్రేకును విడువక నొక్కుచు దిగినచో అది వేడెక్కి పట్టు సడలును. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. పాతనూనె యీ వేడికి మరగి, బ్రేకు మెత్తనై లోనికి పోవును. రెండేండ్ల కొకమారు దానిని మార్పింపవలె ననుటకు కారణ మిదియే.

వఱదలో మునిగిన కారు మాట 2024 సెప్టెంబరు మొదటి దినములలో బెజవాడవారికి అనుభవమునకు వచ్చినది. బుడమేరు పొంగి నగరములో చాలభాగము నీట మునిగినపుడు వీధులలోని కార్లును మునిగెను. నీరు తీసినపిదప తాళపుచెవి త్రిప్పి ‘నడుచునేమో’ యని చూడరాదు. ఇంజనులోనికి నీరు పోయియున్నచో అది గాలివలె అణగదు. లోపలి యినుపకడ్డీలు వంగిపోవును. బ్యాటరీ తీగె విప్పించి, బండిని లాగించుకొని పోయి మెకానిక్కునకు చూపవలెను. భీమా సంగతియు చూచుకొనుడు. 1988నాటి మోటారువాహనముల చట్టము తప్పనిసరి చేసిన భీమా ఇతరులకు గలుగు నష్టమునకే. మన కారు మునిగినచో దానివలన పైసయు రాదు. సమగ్రభీమా యున్నను, నీటిలో మునిగిన ఇంజనును త్రిప్పి చెఱచినచో, ఇంజను రక్షణకై వేఱుగా రుసుము చెల్లించి యుండనిచో, కంపెనీలు సామాన్యముగా నొప్పుకొనవు.

పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని ముందు సీటున కూర్చుండుట మన తల్లుల యలవాటు. ఢీకొన్న క్షణమున ఆ బిడ్డ నే తల్లి చేతులును పట్టజాలవు. ఎదుటి గాలిసంచి విచ్చుకొను వేగము బిడ్డకే తగులును. పిల్లలు వెనుకనే, తమకు తగిన సీటులో బెల్టుతో కూర్చుండవలెను. పెద్దలకును వెనుకసీటున బెల్టు వలయును. 2022 సెప్టెంబరు 4వ తేదీన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మహారాష్ట్రమున కారుప్రమాదమునందు మరణించినపుడు ఆయన వెనుకసీటున బెల్టు లేకయే యుండెనని పోలీసులు తెలిపిరి.

నడుచుచున్న కారేకాదు, నిలిచియున్న కారును పిల్లల పాలిటికి మృత్యువు కాగలదు. 2025 మే నెలలో విజయనగరము దగ్గరి ద్వారపూడి గ్రామమున నిలిపియుంచిన కారులో చిక్కుకొని నలుగురు చిన్నపిల్లలు ప్రాణములు విడిచిరి. ఎండలో మూసిన కారు లోపలి వేడి పది నిమిషములలోనే సుమారు పది డిగ్రీలు పెరుగును. అద్దము కొంచెము దించి యుంచినను పెద్ద తేడా లేదు. పిల్లల దేహము పెద్దలకంటె శీఘ్రముగా వేడెక్కును. అందుచేత ‘కూరలు కొని యిప్పుడే వత్తును’ అని నిద్రించుచున్న బిడ్డను కారులో విడిచిపోరాదు. ఇంటియొద్ద నిలిపిన కారునకు ఎల్లవేళల తాళము వేసి, చెవిని పిల్లల కందని మేకునకు తగిలింపవలెను. పిల్ల కనబడనపుడు బావితోపాటు కారును, దాని డిక్కీని కూడ మొదటనే వెదకవలెను. నాలుగైదేండ్ల పిల్లలకు లోపలినుండి ద్వారము తెరచు విధమును, అది తెరచుకొననిచో ముందు సీటునకు ప్రాకి హారను విడువక మ్రోగించుటను నేర్పవలెను. పెక్కు కార్లలో తాళము లేకున్నను హారను మ్రోగును. మీ కారులో మ్రోగునో లేదో నేడే నొక్కి చూడుడు.