ఒకే రక్తపరీక్ష – దేశానికొక తీర్పు

ప్రోస్టేట్ కాన్సర్‌ను ముందుగా కనుగొనే పరీక్ష ప్రపంచమంతటా ఒక్కటే. అయినా ఒక ప్రభుత్వం రమ్మని పిలుస్తుంది, మరొకటి వద్దంటుంది, ఇంకొకటి మౌనం వహిస్తుంది. ఎందువలన?

యాభై ఏళ్ళు నిండిన ఒక పురుషుని ఊహించండి. ఆరోగ్యవంతుడు. ఏ బాధా లేదు. ప్రోస్టేట్ కాన్సర్ తనలో పొంచి ఉన్నదేమో తెలుసుకొనుటకు రక్తపరీక్ష చేయించుకోవాలా, వద్దా అన్నది అతని సందేహం.

అతడు లిథువేనియా పౌరుడైతే కుటుంబ వైద్యుడే ఆ ప్రస్తావన తెస్తాడు. 2006 నుంచి అక్కడ ఈ పరీక్ష ప్రభుత్వ ఖర్చుతో జరుగుతున్నది. స్వీడన్‌లోని గోటెబోర్గ్ నగరవాసి అయితే ఇంటికి ఉత్తరం వస్తుంది. లండన్‌లో ఉంటే ఎవరూ పిలవరు. తానై అడిగితే మాత్రం లాభనష్టాలు వివరించి ఉచితంగా చేస్తారు. జర్మనీలో వైద్యుడు వ్రేలితో చేసే పరీక్షను 1971లోనే ఆరోగ్య బీమాలో చేర్చారు. రక్తపరీక్షకు మాత్రం 2025 నాటికి కూడా సొంత డబ్బే పెట్టుకోవలసి వచ్చేది. అమెరికాలో మరి ఐదేళ్ళు ఆగి, అప్పుడు వైద్యునితో సంప్రదించి నిర్ణయించుకోమంటారు. విజయవాడలోనో, వరంగల్లులోనో ఉంటే ప్రభుత్వం రమ్మనదు, వద్దనదు.

రక్తం అదే, రోగం అదే, పరీక్ష అదే. సలహాలు మాత్రం ఇన్ని. వైద్యులలో కొందరు తెలిసినవారు, కొందరు తెలియనివారు అయినందువలన వచ్చిన తేడా కాదిది. అందరి ముందూ ఉన్నవి ఇంచుమించు అవే లెక్కలు. ఏ నష్టాన్ని ఎంత బరువుగా తూచాలి అన్న దగ్గరే దారులు వేరవుతున్నాయి.

అక్రోటుకాయంత గ్రంథి

ప్రోస్టేట్‌ను మన వైద్య రచయితలు పౌరుషగ్రంథి అన్నారు. మూత్రాశయానికి దిగువన, మూత్రనాళాన్ని చుట్టుకొని, అక్రోటుకాయంత పరిమాణంలో ఉంటుంది. వీర్యంలోని ద్రవంలో కొంత భాగం దీనినుంచే వస్తుంది. వయస్సు మళ్ళిన కొద్దీ ఈ గ్రంథి ఉబ్బడం సర్వసాధారణం. రాత్రివేళ పలుమార్లు లేవడం, ధార సన్నగిల్లడం ఎక్కువగా ఈ ఉబ్బు వలననే గాని కాన్సర్ వలన కాదు. కాన్సర్ తొలిదశలో తరచుగా ఏ లక్షణమూ చూపదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

2022లో ప్రపంచమంతటా సుమారు 14 లక్షల 67 వేలమందికి ఈ కాన్సర్ కొత్తగా బయటపడింది; సుమారు 3 లక్షల 97 వేలమంది మరణించారు. 2020లో 14 లక్షలుగా ఉన్న కొత్త కేసులు 2040 నాటికి 29 లక్షలకు చేరవచ్చునని 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన సంఘం అంచనా వేసింది. ఆయుర్దాయం పెరుగుతున్న పేద దేశాలలోనే ఆ పెరుగుదల ఎక్కువగా ఉంటుందని కూడా ఆ సంఘం హెచ్చరించింది.

ఈ గ్రంథి తయారుచేసే ఒక మాంసకృత్తు రక్తంలో స్వల్పంగా కలుస్తుంది. దాని పేరు పి.ఎస్.ఏ. గ్రంథిలో కాన్సర్ ఉంటే దాని పాళ్ళు పెరగవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ పరీక్షను 1986లో అనుమతించినది, అప్పటికే కాన్సర్ ఉన్నట్టు తేలిన రోగుల పరిస్థితిని గమనించుటకే. ఆరోగ్యవంతులలో రోగాన్ని వెదకుటకు అనుమతి 1994లో వచ్చింది. అప్పటికే లక్షలాది అమెరికన్లు చేయించుకొంటున్నారు.

అయితే పి.ఎస్.ఏ. చెప్పేది "కాన్సర్ ఉన్నది" అని కాదు. "గ్రంథిలో ఏదో కదలిక ఉన్నది" అని మాత్రమే. ఉబ్బు వలన, మూత్రకోశంలో చీము పట్టడం వలన కూడా అది పెరుగుతుంది. మరొకవైపు, అంకె తక్కువగా ఉన్నవారిలోనూ కాన్సర్ ఉండవచ్చు. అంకె 4 దాటని వృద్ధులకు బయాప్సీ చేసి చూచిన ఒక అమెరికన్ పరిశోధనలో, నూటికి 15 మందిలో కాన్సర్ కణాలు కనిపించినట్లు 2004లో వెల్లడైంది.

రెండు పరిశోధనలు, రెండు తీర్పులు

ఈ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందా? 2009లో రెండు మహా పరిశోధనల ఫలితాలు ఒకేసారి వెలువడ్డాయి. అమెరికాలో సుమారు 76 వేలమందిపై జరిగిన పరిశోధన మరణాలు తగ్గలేదన్నది. ఐరోపాలో పలు దేశాలలో లక్షన్నరకు పైగా పురుషులపై జరిగిన పరిశోధన మరణాలు నూటికి ఇరవై వంతు తగ్గాయన్నది. అమెరికన్ పరిశోధనలో పరీక్ష చేయకూడని జట్టులోనివారు సైతం, అధిక సంఖ్యలో, బయట పరీక్ష చేయించుకొన్నారు. పోల్చడానికి మిగిలిన తేడా స్వల్పమే. ఈ లోపం తరువాత బాగా చర్చకు వచ్చింది.

ఐరోపా లెక్క కూడా జాగ్రత్తగా చదవవలసినదే. తొమ్మిదేళ్ళ కాలంలో ఒక్క మరణాన్ని నివారించుటకు 1,410 మందిని పరీక్షకు పిలవవలసి వచ్చింది. అదనంగా 48 మందికి కాన్సర్ ఉన్నదని చెప్పవలసి వచ్చింది. ఆ 48 మందిలో అనేకుల కాన్సర్ మందగమనమైనది. పరీక్ష చేయకపోతే వారు దాని ఉనికి తెలియకుండానే మరేదో కారణంతో, నిండు వయస్సులో కన్నుమూసి ఉండేవారు. తెలిసింది కనుక శస్త్రచికిత్సకో, రేడియేషన్‌కో సిద్ధపడ్డారు. వారిలో కొందరికి మూత్రం నిలవకపోవడం, దాంపత్య జీవితం దెబ్బతినడం శాశ్వతంగా మిగిలాయి.

కాలం గడిచిన కొద్దీ ఈ లెక్క మారింది. అదే పరిశోధనను 23 ఏళ్ళు కొనసాగించి 2025లో ప్రకటించినప్పుడు, ఒక మరణ నివారణకు పిలవవలసినవారు 456 మందికి, అదనంగా రోగులుగా తేలినవారు 12 మందికి తగ్గారు. ఈ కాన్సర్ నెమ్మదిగా చంపుతుంది. అందుచేత పరీక్ష ఫలం కూడా నెమ్మదిగానే అందుతుంది. యాభై ఏట చేయించుకొన్న పరీక్ష డెబ్బై ఏట అక్కరకు రావచ్చు. డెబ్బై అయిదేట చేయించుకొంటే అది అక్కరకు వచ్చేలోపు ఆయుర్దాయమే ముగియవచ్చు. వయఃపరిమితి గురించిన వాదాలకు మూలం ఇదే.

అమెరికా మూడుసార్లు మనసు మార్చుకొన్నది

అమెరికాలో నివారణ వైద్యంపై సలహా ఇచ్చే నిపుణుల సంఘం 2008లో డెబ్బై అయిదేళ్ళు దాటినవారికి పరీక్ష వద్దన్నది. 2012లో ఏ వయస్సు వారికీ వద్దన్నది. పరీక్షలు తగ్గాయి. ఆ తరువాతి సంవత్సరాలలో, ముదిరిన దశలో బయటపడే కేసులు పెరగసాగాయి. 2018లో సంఘం మరల సవరించుకొన్నది: 55 నుంచి 69 ఏళ్ళ మధ్య ఉన్నవారు వైద్యునితో మాట్లాడి తామే నిర్ణయించుకోవచ్చు, డెబ్బై దాటినవారికి అవసరం లేదు.

2025 మే నెలలో మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు ఎముకలకు పాకిన ప్రోస్టేట్ కాన్సర్ ఉన్నట్లు ప్రకటించారు. అప్పటికి ఆయన వయస్సు 82. ఆయనకు చివరి పి.ఎస్.ఏ. పరీక్ష జరిగినది 2014లోనని ఆయన ప్రతినిధి తెలిపారు. పరీక్షను ఆపి ఉండకూడదని కొందరు, ఆ వయస్సులో ఆపడమే నియమమని మరికొందరు వాదించారు. ఒక్క వ్యక్తి ఉదంతం ఏ విధానాన్నీ నిరూపించదు. వయఃపరిమితి ఎక్కడ గీచినా, దానికి ఆవల ఎవరో ఒకరు నిలబడి ఉంటారని మాత్రం అది గుర్తు చేస్తుంది.

బ్రిటన్ వెనుకడుగు, స్వీడన్ మధ్యేమార్గం

బ్రిటన్ మొదటినుంచి జంకుతూనే ఉన్నది. అక్కడ నాలుగు లక్షలకు పైగా పురుషులపై జరిగిన పరిశోధనలో ఒక్కసారి మాత్రమే పరీక్షకు పిలిచారు. పదిహేనేళ్ళ తరువాత, పిలిచిన జట్టులో ప్రోస్టేట్ కాన్సర్ మరణాలు వందకు 0.69, పిలవని జట్టులో 0.78. తేడా ఉన్నది, కాని అతి స్వల్పం. మరొక బ్రిటిష్ పరిశోధనలో, తొలిదశ రోగులలో కొందరికి శస్త్రచికిత్స, కొందరికి రేడియేషన్ ఇచ్చి, కొందరిని కేవలం కనిపెట్టి ఉన్నారు. పదిహేనేళ్ళ తరువాత మూడు జట్లలోనూ నూటికి సుమారు 97 మంది ఈ కాన్సర్‌కు బలి కాలేదు. వెంటనే కత్తి పట్టకపోయినా చాలామందికి ప్రమాదం లేదని దీని సారాంశం.

2025 నవంబరులో బ్రిటిష్ స్క్రీనింగ్ సంఘం విడుదల చేసిన ముసాయిదా, వంశపారంపర్యంగా బి.ఆర్.సి.ఏ. జన్యులోపం ఉన్నవారిని పిలవవచ్చునన్నది. పురుషులందరినీ పిలవడానికి మాత్రం అంగీకరించలేదు. నల్లజాతి పురుషులలో నలుగురికి ఒకరు ఈ కాన్సర్ బారిన పడుతున్న దేశంలో ఈ నిర్ణయం తీవ్ర విమర్శకు గురి అయింది. ఒలింపిక్ సైక్లింగ్ విజేత సర్ క్రిస్ హోయ్ తండ్రికి, తాతకు ఈ కాన్సర్ వచ్చింది. నలభై ఏడేళ్ళ వయస్సులో తనకు నయం కాని దశలో బయటపడిన తరువాత, ఇటువంటి కుటుంబాలవారికి ముందుగానే పరీక్ష జరపాలని ఆయన ఉద్యమించారు.

స్వీడన్‌లో వైద్యసేవల భారం 21 ప్రాంతీయ ప్రభుత్వాలది. 2018లో అక్కడి జాతీయ ఆరోగ్య మండలి దేశవ్యాప్త స్క్రీనింగ్‌ను సిఫారసు చేయలేదు. అయినా చాలామంది తమంత తాము పరీక్షలు చేయించుకొంటూనే ఉన్నారు. ఒకరికి అనవసరంగా పదిసార్లు, అవసరమైన మరొకరికి ఒక్కసారి కూడా లేదు. ఈ అరాచకాన్ని క్రమబద్ధం చేయాలని 2020లో స్కోనె, వెస్ట్రా గోటాలాండ్ ప్రాంతాలు ముందుకు వచ్చాయి. మిగిలినవి ఒకటొకటిగా వెంట నడిచాయి. యాభై ఏళ్ళవారికి ఉత్తరం వెళుతుంది. చేయించుకొమ్మని గాని, వద్దని గాని అందులో ఉండదు. లాభమేమిటో, నష్టమేమిటో ఉంటుంది. పి.ఎస్.ఏ. అంకె 3 చేరినా, దాటినా వెంటనే సూది గుచ్చరు, ముందు ఎం.ఆర్.ఐ. చిత్రం తీస్తారు. అనుమానాస్పదమైన భాగం కనిపించినప్పుడే బయాప్సీ. ఈ పద్ధతి వలన హాని చేయని కాన్సర్లు అనవసరంగా బయటపడడం సగానికి తగ్గినట్లు గోటెబోర్గ్ పరిశోధన 2022లో చూపింది. అదే సంవత్సరం డిసెంబరులో ఐరోపా సమాఖ్య మండలి, పి.ఎస్.ఏ. తరువాత ఎం.ఆర్.ఐ. పద్ధతి సాధ్యాసాధ్యాలను పరిశీలించవలసిందిగా సభ్యదేశాలను కోరింది.

ఒకే దేశంలో రెండు నీతులు

ఒకే దేశంలో సైతం ఏకాభిప్రాయం లేకపోవడం విచిత్రమేమీ కాదు. జపాన్‌లో ప్రభుత్వ పరిశోధక బృందం 2008లో ఈ సామూహిక పరీక్షకు ఆధారాలు చాలవన్నది. అక్కడి మూత్రకోశ వైద్యుల సంఘం కావాలన్నది. పురపాలక సంఘాలలో అత్యధిక భాగం వైద్యుల సంఘం మాటే విని పరీక్షలు జరుపుతున్నాయి. కెనడాలో 2014 నాటి జాతీయ సలహా పరీక్షకు వ్యతిరేకం. అయినా అనేక రాష్ట్రాలు ఖర్చు భరించగా, ఒంటారియో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రాలలో లక్షణాలు లేనివారు ఏళ్ళ తరబడి సొంతంగా చెల్లించవలసి వచ్చింది.

మన సంగతి ఏమిటి?

భారతదేశంలో ప్రజారోగ్యం రాజ్యాంగరీత్యా రాష్ట్రాల బాధ్యత. కేంద్రం 2010లో ఆరంభించిన అసాంక్రామిక వ్యాధుల నివారణ కార్యక్రమం క్రింద, 2016 నుంచి ముప్పై ఏళ్ళు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్లకు పరీక్షలు జరపాలని నిర్దేశించారు. ఆ జాబితాలో ప్రోస్టేట్ లేదు.

ఇందుకు తగిన కారణాలున్నాయి. ఉత్తర ఐరోపాలో ఏటా లక్ష పురుషులలో ఎనభై మందికి పైగా ఈ కాన్సర్ బయటపడుతుండగా, మన దేశంలో పదిమంది లోపే. రోగం అరుదైన చోట అందరినీ పరీక్షిస్తే, నిజమైన రోగుల కంటె ఉత్తపుణ్యానికి భయపడేవారే ఎక్కువవుతారు. నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూడడానికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చాలు. పి.ఎస్.ఏ. అంకె పెరిగినవానికి ఎం.ఆర్.ఐ. యంత్రం, బయాప్సీ చేసే నిపుణుడు, కణాలను చదివే వైద్యుడు కావాలి. వీరంతా నగరాలలోనే ఉన్నారు.

కాని దేశమంతటికీ సగటు తీసి ఊరుకోవడం సరి కాదు. ఢిల్లీ, కలకత్తా, పూనా, తిరువనంతపురం నగరాల కాన్సర్ రిజిస్టర్లలో పురుషుల కాన్సర్లలో ప్రోస్టేట్‌కు రెండవ స్థానం దక్కిన సంవత్సరాలున్నాయి. 2022లో దేశంలో సుమారు 38 వేల కొత్త కేసులు ఉండవచ్చునని అంచనా. వారిలో పెద్ద భాగం, వెన్నునొప్పో, తుంటినొప్పో వచ్చి, కాన్సర్ ఎముకలకు ప్రాకిన తరువాతనే ఆసుపత్రికి చేరుతున్నారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు కాన్సర్ చికిత్సకు డబ్బు చెల్లించి ఎందరో పేదలను ఆదుకొన్నాయి. అయితే ఆ సహాయం రోగం బయటపడిన తరువాతి మాట.

ఇంతలో ఇంకొక తతంగం నడుస్తున్నది. నగరాలలోని ప్రయోగశాలలు "సంపూర్ణ ఆరోగ్య పరీక్ష" పేరిట అమ్మే మూటలో పి.ఎస్.ఏ.ను కూడా కలిపి కట్టి ఇస్తున్నాయి. అందుచేత పల్లెలో ఎముకనొప్పితో మూలుగుతున్న వృద్ధునికి పరీక్ష అందదు. పట్నంలో ఎనభై ఏళ్ళ పెద్దాయనకు, అడగకుండానే, అందుతుంది. స్వీడన్ సరిదిద్దబూనిన అరాచకం సరిగా ఇదే.

పరీక్షకు ముందు

ప్రభుత్వం ఒక నిర్ణయానికి వచ్చేదాకా, నిర్ణయభారం పాఠకునిదే. రక్తం ఇవ్వడానికి ముందు వైద్యునితో ఈ విషయాలు మాట్లాడడం మంచిది:

1. తండ్రికో, అన్నదమ్ములకో ఈ కాన్సర్ వచ్చి ఉంటే ప్రమాదం సుమారు రెట్టింపు. తల్లి వైపు రొమ్ము, అండాశయ కాన్సర్లు ఉన్నా చెప్పాలి.

2. మూత్రకోశంలో చీము ఉంటే అది తగ్గి కొన్ని వారాలు గడిచేదాకా ఆగాలి. పరీక్షకు రెండు రోజుల ముందునుంచి సైకిలు తొక్కడం, సంభోగం మానుకోవాలి. గ్రంథి ఉబ్బుకు వాడే ఫినాస్టెరైడ్ మాత్ర పి.ఎస్.ఏ. అంకెను దాదాపు సగానికి దించుతుంది; ఆ సంగతి దాచకూడదు.

3. అంకె పెరిగితే ఏమి చేస్తారు? మరల పరీక్షా, ఎం.ఆర్.ఐ.నా, నేరుగా బయాప్సీయా?

4. తొలిదశ, మందగమన కాన్సర్ అని తేలితే చికిత్స లేకుండా కనిపెట్టి ఉండడానికి ఆ ఆసుపత్రిలో ఏర్పాటున్నదా?

5. వయస్సు డెబ్బై దాటితే, ఇతర జబ్బులుంటే, ఈ పరీక్ష వలన నిజంగా ఒనగూడే మేలేమిటి?

మూత్రంలో రక్తం కనిపించినా, నడుమునొప్పి వారాల తరబడి తగ్గకున్నా అది స్క్రీనింగ్ విషయం కాదు. ఏ వయస్సువారైనా వెంటనే వైద్యుని చూడవలసిందే.

మన రాష్ట్రాలకు స్వీడన్ ధనం లేదు. కాని స్వీడన్ పంపే ఉత్తరానికి అంత ధనం అక్కరలేదు. లాభనష్టాలు రెండూ తెలుగులో స్పష్టంగా రాసిన ఒక కాగితం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, ప్రతి ప్రయోగశాలలోనూ రక్తం తీయకముందే చేతికి అందించడం ఏ ప్రభుత్వానికైనా సాధ్యమే. జిల్లా ఆసుపత్రిలో వారానికొకనాడైనా మూత్రకోశ వైద్యుడు కూర్చుంటే, ఆ కాగితం చదివి సందేహంతో వచ్చినవానికి సమాధానం చెప్పేవారుంటారు.