డ్రైవర్ కోడ్‌లో హద్దులు: అపోహలు – వాస్తవాలు

అపోహ: డేటా మన సొంత సర్వర్ నుంచే వస్తోంది. దానికి కూడా తనిఖీ ఎందుకు?

2024 జులై 19న ప్రపంచమంతటా విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో విండోస్ నీలి తెరలు కనబడ్డాయి. కారణం ఏ హ్యాకరూ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు తానే పంపుకున్న ఒక ఫైలు. అందులోని నిబంధన 21వ విలువను అడిగింది. కెర్నెల్‌లో నడిచే కోడ్ చేతిలో ఉన్నవి 20. అది అర్రే దాటి చదవబోయింది, యంత్రం కుప్పకూలింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అలా పడిపోయిన యంత్రాలు 85 లక్షలు. మరి పరీక్షలు చేయలేదా? చేశారు. కానీ వాటిలో 21వ ఫీల్డుకు ‘ఏదైనా సరే’ అనే వైల్డ్‌కార్డ్ ఉండడంతో ఆ విలువ జోలికి కోడ్ వెళ్లనే లేదు. తర్వాత సంస్థ చేసిన సవరణల్లో హద్దు తనిఖీ ఒకటి. ‘రాయడం లేదు, చదవడమే కదా’ అని తేలిగ్గా తీసుకునేవారికీ జవాబు ఇందులోనే ఉంది.

అపోహ: ‘ఇఫ్’ పెట్టేశాం, ఇక భయం లేదు.

అసలు చిక్కంతా ఆ ఇఫ్‌లోనే ఉంటుంది. 512 బైట్ల బఫర్ తీసుకోండి. ఆఫ్‌సెట్, పొడవు కలిపితే 512 దాటకూడదని రాస్తాం. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆఫ్‌సెట్ 16, పొడవు 4294967290 వచ్చిందనుకోండి. 32 బిట్ల అన్‌సైన్డ్ కూడికలో మొత్తం తిరగబడి 10 అవుతుంది. 10 కంటే 512 పెద్దది కాబట్టి తనిఖీ పాస్! ఆ వెంటనే మెమ్‌కాపీ నాలుగు వందల కోట్ల బైట్లకు బయలుదేరుతుంది. అందుకే కూడకండి, తీసేయండి. ముందు ఆఫ్‌సెట్ 512 దాటలేదని చూసి, తర్వాత పొడవును మిగిలిన 496తో పోల్చండి. తిరగబడే అవకాశమే ఉండదు. తప్పనిసరిగా కూడాల్సి వస్తే లైనక్స్‌లో చెక్_యాడ్_ఓవర్‌ఫ్లో ఉండనే ఉంది. పొడవును సైన్డ్ ఇంట్‌లో పెట్టుకున్నా ఇదే గతి: మైనస్ 1 ఏ గరిష్ఠ పరిమితినైనా దాటకుండా లోపలికొచ్చి, సైజ్_టీగా మారగానే కొండంత అవుతుంది.

అపోహ: ఒకసారి తనిఖీ చేశాక ఆ విలువను నమ్మొచ్చు.

మన దగ్గరున్న కాపీని తనిఖీ చేస్తేనే. పొడవును యూజర్ మెమరీ నుంచి చదివి తనిఖీ చేసి, వాడేటప్పుడు మళ్లీ అక్కడి నుంచే చదివితే, ఆ మధ్యలో మరో థ్రెడ్ దాన్ని మార్చేయగలదు. ఒక్కసారే తెచ్చుకోవాలి, తెచ్చుకున్నదాన్నే వాడాలి. తనిఖీ వాడకానికి పక్కనే ఉంటే, రివ్యూ చేసేవారికి ఈ రెండోసారి చదవడం కంటపడుతుంది. మూడు ఫంక్షన్ల అవతల ఉంటే ఎవరికీ కనబడదు.

అపోహ: హార్డ్‌వేర్ అబద్ధం చెప్పదు.

యూఎస్‌బీ పోర్టులో గుచ్చిన పరికరం తన డిస్క్రిప్టర్‌లో ఎంత పొడవైనా రాసుకోవచ్చు. అదీ బయటి డేటాయే.

అపోహ: రస్ట్‌లో రాస్తే ఈ తలనొప్పి ఉండదు.

చాలావరకు తగ్గుతుంది, నిజమే. 2022 డిసెంబరులో వచ్చిన లైనక్స్ 6.1 నుంచి కెర్నెల్‌లో రస్ట్‌కు చోటు దొరికింది. కానీ సాధారణ కోడ్‌లో అర్రే హద్దు దాటితే రస్ట్ ప్యానిక్ అవుతుంది. అన్సేఫ్ బ్లాకుల్లోని పాయింటర్లకైతే ఆ కాపలా కూడా లేదు. ప్యానిక్ వల్ల మెమరీ చెడకపోవడం మేలే గానీ, కెర్నెల్‌లో ప్యానిక్ అంటే యంత్రమే ఆగిపోవచ్చు. కాబట్టి బయటి నుంచి వచ్చిన ఇండెక్స్‌ను నేరుగా వాడకుండా ‘గెట్’తో అడిగి, లేదన్నప్పుడు ఎర్రర్ తిరిగి పంపే రెండు లైన్లు రస్ట్‌లోనూ మనమే రాయాలి.