స్పానర్ కంటే ముందు మల్టీమీటర్!

పదేళ్ల కిందట నాన్న లోన్ పెట్టి కొన్న వ్యాగన్ఆరో, ఐ10నో, స్విఫ్టో మీ ఇంటి ముందు ఉండే ఉంటుంది. మీకు ఉద్యోగం వచ్చాక దాని తాళం మీ చేతికొచ్చింది. తాళంతో పాటు సర్వీసింగ్ బిల్లు కూడా! వర్క్‌షాప్ నుంచి ఫోన్ వస్తుంది: ‘సర్, బ్యాటరీ పోయింది, డైనమో కూడా వీక్‌గా ఉంది, రెండూ మార్చేయమంటారా?’. బీటెక్ చదివినా ఆ ప్రశ్నకు మన దగ్గర ఉండే జవాబు ఒక్కటే.. ‘సరే, మార్చేయండి’.

ఆ ‘సరే’ అనే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. అది పోయిందని ఎలా తెలిసింది?

కారు రిపేరులో రెండు పనులుంటాయి. ఏం పాడైందో కనుక్కోవడం ఒకటి, దాన్ని బాగుచేయడం ఇంకోటి. రెండోదానికి లిఫ్టు కావాలి, పనిముట్లు కావాలి, చేయి తిరిగిన మెకానిక్ కావాలి. మొదటిదానికి మాత్రం చాలాసార్లు మీరు చాలు. అయిదొందల రూపాయల మల్టీమీటరు, కారుతో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్, కాస్త ఓపిక ఉంటే సరిపోతుంది. అన్నట్టు ఆ మాన్యువల్ కవరు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో పడి ఉంటుంది, ఈ ఆదివారం తీయండి.

సెల్ఫ్ పట్టకపోతే..

తాళం తిప్పారు, బండి స్టార్ట్ అవ్వలేదు. వెంటనే ‘బ్యాటరీ డౌన్’ అనుకోవద్దు. ముందు చెవి పెట్టి వినండి. టిక్ టిక్ టిక్‌మని వరసగా చప్పుడొస్తూ మీటర్‌లో లైట్లు మసకబారితే బ్యాటరీలో చార్జ్ లేనట్టు, లేదా టెర్మినల్స్ దగ్గర కరెంట్ సరిగా అందట్లేదన్నట్టు. లైట్లు బాగానే వెలుగుతున్నాయి, ‘ఠక్’మని ఒకే ఒక్క చప్పుడొచ్చి ఆగిపోతోందంటే సెల్ఫ్ మోటారు మీద అనుమానపడాలి. ఇంజిన్ గిర్రున తిరుగుతోంది కానీ అందుకోవట్లేదంటే మాత్రం పాపం బ్యాటరీ తప్పేం లేదు. పెట్రోలు అందట్లేదో, స్పార్క్ రావట్లేదో, తాళంలోని చిప్‌ను బండి గుర్తుపట్టట్లేదో చూసుకోవాలి.

ఇప్పుడు మల్టీమీటరు తీయండి. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి ఎర్ర తీగను ప్లస్‌కి, నల్ల తీగను మైనస్‌కి ఆనించండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్ చార్జ్. 12.4 వరకూ ఫర్వాలేదు. 12కి దిగిందంటే దాదాపు ఖాళీ. తర్వాత ఇంట్లో ఒకరిని తాళం తిప్పమని మీరు మీటరు చూడండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజీ పడిపోవడం మామూలే. కానీ చార్జ్ ఉన్న బ్యాటరీ కూడా 9.6 కంటే కిందికి జారుతోందంటే అది ముసలిదైపోయింది. ఇక చివరిగా, ఇంజిన్ నడుస్తుండగా చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో తన పని తాను చేస్తున్నట్టే. ఇంజిన్ నడుస్తున్నా 12 చిల్లరే చూపిస్తూ మెల్లగా తగ్గుతోందంటే చార్జింగ్ జరగట్లేదు. అప్పుడు కొత్త బ్యాటరీ వేయించినా రెండు రోజుల్లో అదీ పడుకుంటుంది. (స్మార్ట్ హైబ్రిడ్ ఉన్న మోడళ్లలో ఈ మూడో రీడింగ్ మారుతూ ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడకండి.)

మూడు రీడింగులు, అయిదు నిమిషాలు. వర్క్‌షాప్ అబ్బాయి ‘రెండూ మార్చాలి’ అన్నప్పుడు మీరు ‘ఇంజిన్ ఆన్‌లో 14.2 వస్తోంది బ్రదర్’ అని చూడండి, సంభాషణే మారిపోతుంది.

ఒక్కోసారి ఇవేవీ కాకుండా, టెర్మినల్స్ మీద తెల్లగానో పచ్చగానో పేరుకున్న పొడే అసలు కారణం అవుతుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. తుడిచి, ఆరాక, బిగించి కాస్త వాజలీన్ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఎందుకంటే మైనస్ బాడీకి కలిపి ఉండగా ప్లస్ దగ్గర స్పానర్ జారి ఇనుముకు తగిలిందా.. షార్టే!

ట్రాఫిక్‌లో వేడి.. హైవే మీద చల్లన

మన ఎండల్లో చిన్న కార్లను బాగా దెబ్బతీసేది హీటెక్కడం. చాలా మోడళ్లలో ఉష్ణోగ్రత ముల్లు కూడా ఉండదు, ఒక ఎర్ర లైటు మాత్రమే. అది వెలిగాక ‘ఇంకో రెండు కిలోమీటర్లేగా’ అని నడిపితే అల్యూమినియం హెడ్ వంకరపోతుంది, హెడ్ గాస్కెట్ పోతుంది. వందల్లో అయిపోయే పని ఇంజిన్ విప్పేదాకా వెళ్తుంది.

ఇక్కడ మీరే డాక్టరు. ఎప్పుడు వేడెక్కుతోందో గుర్తుతెచ్చుకోండి. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర, బెంజ్ సర్కిల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, విజయవాడ హైవే ఎక్కగానే చల్లబడుతోందా? అయితే రేడియేటర్ ఫ్యాన్‌ను చూడాలి. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. అలా కాకుండా హైవే మీద కూడా వేడెక్కుతుంటే కూలెంట్ తగ్గిందో, థర్మోస్టాట్ తెరుచుకోవట్లేదో, వాటర్ పంపు పోయిందో, రేడియేటర్ లోపల మూసుకుపోయిందో అయ్యుంటుంది.

ఫ్యాన్‌ను పరీక్షించడం తేలిక. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ ఆన్ చేయండి. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో కంప్రెసర్ అందుకోగానే ఫ్యాన్ తిరగాలి. తిరగలేదా? ఫ్యూజ్ బాక్సు మూత మీద బొమ్మ చూసి ఆ ఫ్యూజు తీయండి. తెగిపోయి ఉంటే అదే ఆంపియర్ది వేయండి. బాగానే ఉంటే పక్కనే రిలే ఉంటుంది, అదే పార్టు నంబరున్న వేరే రిలేని ఒక్క నిమిషం అక్కడ పెట్టి చూడండి. ఫ్యాన్ తిరిగిందంటే మార్చాల్సింది రిలేనే, మోటారు కాదు. ఫ్యూజు పదే పదే పోతోందని మాత్రం పెద్ద ఆంపియర్ది వేయకండి. 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు ఉండాల్సిన చోట 30 ఆంపియర్ల పచ్చది పెడితే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, వైరింగ్.

దారిలో ఎర్ర లైటు వెలిగితే ఏసీ ఆపేయండి. హీటర్‌ను ఫుల్ వేడిలో, బ్లోయర్‌ను ఫుల్ స్పీడులో పెట్టి బండిని పక్కకు తీయండి. మే నెలలో హీటరేంటి అనుకోవద్దు, అది ఇంజిన్‌లోని వేడినే లాగి లోపలికి పంపుతుంది. ఆపాక కనీసం అరగంట రేడియేటర్ మూత జోలికి వెళ్లొద్దు. ఒత్తిడితో ఉన్న మరిగే నీళ్లు నేరుగా ముఖం మీదికి చిమ్ముతాయి. చల్లారాక అవసరమైతే తాగే నీళ్లు పోసుకుని ఇంటికి చేరొచ్చు. కానీ రోజూ బోరు నీళ్లు పోస్తుంటే లోపల సున్నం పేరుకుంటుంది. మన బోర్ల సంగతి మీకు తెలిసిందేగా, గీజర్‌లో కాయిల్ చూస్తే చాలు.

కోడ్ చెప్పేది లక్షణమే

స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అదే ఓబీడీ పోర్టు. మన దేశంలో కార్లకు ఓబీడీ-2 ప్రమాణం 2013 నుంచి అమల్లోకి వచ్చింది. బ్లూటూత్ స్కానర్ వెయ్యి రూపాయల్లోపే దొరుకుతుంది. గుచ్చి, ఫోన్లో యాప్ తెరిస్తే చెక్ ఇంజిన్ లైటు ఎందుకు వెలిగిందో కోడ్ రూపంలో కనిపిస్తుంది. పని అయ్యాక స్కానర్ తీసేయండి, గుచ్చి వదిలేస్తే బ్యాటరీని తాగుతూ ఉంటుంది.

అయితే కోడ్ చెప్పేది జ్వరం ఉందని మాత్రమే, దేనివల్లో చెప్పదు. మా బాబాయి వాళ్ల వ్యాగన్ఆర్‌లో మిస్సింగ్ మొదలైంది. ఎక్కడంలో పికప్ లేదు, ఆగినప్పుడు వణుకు. ఒక వర్క్‌షాప్‌లో మూడు ఇగ్నిషన్ కాయిల్స్, మూడు ప్లగ్గులు, ఇంజెక్టర్ క్లీనింగ్ అని ఎస్టిమేట్ రాసిచ్చారు. స్కానర్ పెట్టి చూస్తే పీ0301. అంటే ఒకటో సిలిండర్ మిస్ అవుతోంది. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా? ఇంజిన్ చల్లారాక, తాళం తీసేసి, ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండోదానిలో, రెండోదాన్ని ఒకటోదానిలో పెట్టాం. ఒక్కోదానికి ఒక కనెక్టరు, ఒక బోల్టు, అంతే. కోడ్ చెరిపేసి ఊరి చివర దాకా వెళ్లొచ్చాం. ఈసారి పీ0302 వచ్చింది. జబ్బు కాయిల్‌తో పాటు నడిచింది! ఒక్క కాయిల్ కొన్నాం, బండి బాగైంది. ఒకవేళ మళ్లీ పీ0301 వచ్చుంటే కాయిల్ మంచిదేనని తేలేది, తర్వాత ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూసేవాళ్లం. రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది.

ఒక మాట, చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, కొట్టుకుంటూ ఉండటం వేరు. కొట్టుకుంటోందంటే మిస్సింగ్ తీవ్రంగా ఉన్నట్టు. కాలని పెట్రోలు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, అది చాలా ఖరీదైన పార్టు. అప్పుడు పరీక్షలు పెట్టుకోకండి, బండి ఆపండి.

మిగతావన్నీ చిన్న పనులే. ఎయిర్ ఫిల్టర్ మార్చడానికి నాలుగు క్లిప్పులు విప్పితే చాలు. వైపర్ బ్లేడ్లు వానలకు ముందే మార్చేసుకోండి. ఇంజిన్ ఆయిల్‌ను సమతలం మీద, ఇంజిన్ ఆపిన అయిదు నిమిషాలకు డిప్‌స్టిక్ తుడిచి చూడాలి. నల్లగా ఉందని కంగారు వద్దు, లెవెల్ ఉందా లేదా అన్నదే ముఖ్యం. టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ ఫ్రేమ్ మీద స్టిక్కర్‌లో రాసి ఉంటుంది, బంకులో అబ్బాయి చెప్పిందే లెక్క కాదు. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇది చూడకుండా డబ్బు కట్టకండి. స్టెప్నీ మార్చడం కూడా పగటిపూట ఇంటి ముందే ఒకసారి ప్రాక్టీస్ చేయండి. నట్లు టైరు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. అమ్మానాన్నలతో రాత్రి పదకొండుకు హైవే పక్కన నిలబడి నేర్చుకునే విద్య కాదది.

ముట్టుకోకూడనివి

జాకీ మీదే నిలబెట్టిన కారు కిందికి దూరకండి. జాకీ టైరు మార్చడానికే. బ్రేకులు, స్టీరింగ్, పెట్రోలు పైపులు, సీఎన్‌జీ కిట్, ఏసీ గ్యాస్ మనవి కావు. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి అసలే వెళ్లొద్దు. బ్రేక్ ఆయిల్ లెవెల్ తగ్గిందని గమనించడం మీ పని. ఎందుకు తగ్గింది, ప్యాడ్లు అరిగాయా, లీకేజీ ఉందా అని విప్పి చూడటం మెకానిక్ పని. బండి వారంటీలో ఉంటే ఈ పరిశీలనలు చేయండి కానీ ఏదీ విప్పకండి.

మంచి మెకానిక్‌కు ఇవన్నీ అడిగే కస్టమరంటే చిరాకు ఉండదు. ఆటోనగర్‌లో చూడండి, అనుభవమున్న మేస్త్రి ముందు అడిగేది ‘చప్పుడు ఎప్పుడొస్తోంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?’ అనే. ఆ ప్రశ్నలకు మీ దగ్గర జవాబుంటే ఆయన పని సగం అయినట్టే. పార్టు మార్చాక పాతది అడిగి తీసుకోండి, కొత్తదాని ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ చూడండి. మొహమాటం అక్కర్లేదు.

ఇది కెరీర్ పేజీ కదా, ఆ మాట కూడా. పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ రెండేళ్లది ఉంది. పాలిసెట్ రాసి ఆటోమొబైల్ డిప్లొమాలో చేరొచ్చు. కంప్యూటర్స్ వాళ్లకూ ఇక్కడ దారి ఉంది. ఆ 16 పిన్నుల పోర్టులోంచి మాట్లాడేది కాన్ బస్, బాష్ కంపెనీ 1986లో ప్రపంచానికి చూపించిన నెట్‌వర్క్. పైథాన్-ఓబీడీ అనే ఉచిత లైబ్రరీతో మీ ఇంటి కారు కూలెంట్ ఉష్ణోగ్రతను లాప్‌టాప్‌లో గ్రాఫ్‌గా గీయొచ్చు. రెజ్యూమెలో ఎవరో చేసిన మినీ ప్రాజెక్టు పెట్టుకునే బదులు ఇది పెట్టండి. ఇంటర్వ్యూలో ‘ఒక సమస్యను ఎలా డీబగ్ చేస్తారు?’ అన్నప్పుడు ఆ రెండు కాయిల్స్ మార్చి చూసే పద్ధతి చెప్పండి, అడిగినవాళ్లే కుర్చీలో ముందుకు జరుగుతారు.

ముందుగా ఓ నోట్‌బుక్ కొని కారులో పడేయండి. మొదటి పేజీలో ఈ రోజు కిలోమీటర్లు, బ్యాటరీ కొన్న తేదీ, పొద్దున్నే తీసిన వోల్టేజీ, స్టెప్నీతో కలిపి అయిదు టైర్ల డాట్ నంబర్లు రాయండి. స్టెప్నీలో గాలి కూడా చూడండి, చాలా బండ్లలో అది ఉండదు.