ఈస్ట్రోజెన్ కాపలా ఎన్నాళ్ళు?

పాత సైకిల్ ట్యూబుకి గాలి కొడితే పల్చబడ్డ చోట బుడగలా ఉబ్బడం చూసే ఉంటారు. మన ఒంట్లోని అతి పెద్ద రక్తనాళానికీ అలాంటి జబ్బే వస్తుంది. గుండె నుంచి బయల్దేరి పొట్టలోకి దిగే ఈ నాళం పేరు బృహద్ధమని. పొట్ట దగ్గర దీని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లు. 3 దాటితే 'ఎన్యూరిజం' అంటారు డాక్టర్లు. చాలామందికి నొప్పీ ఉండదు, పైకీ కనిపించదు. చిట్లితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. ఐన్‌స్టీన్ 1955లో కన్నుమూసింది దీనివల్లే.

ఆడవాళ్ళకి రాదా?

మగవాళ్ళకి నాలుగైదు రెట్లు ఎక్కువ. మనకొచ్చినా సుమారు పదేళ్ళు ఆలస్యంగా వస్తుంది. అందుకు ఒక కారణం ఈస్ట్రోజెన్ అని శాస్త్రజ్ఞుల ఆలోచన. రక్తనాళం గోడకు సాగే గుణమిచ్చేది ఎలాస్టిన్. దాన్ని కొరికేసే ఎంజైములను ఈస్ట్రోజెన్ అదుపులో పెడుతుందని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది. మగ ఎలుకలకు వృషణాలు తీసేస్తే జబ్బు తగ్గింది, మగ హార్మోను ఎక్కిస్తే మళ్ళీ పెరిగింది. మనుషుల్లో లెక్క ఇంత తేలిక కాదు. ముసలితనంలో టెస్టోస్టిరాన్ తక్కువున్న మగవాళ్ళలోనూ ఈ ఉబ్బు ఎక్కువగా కనిపించింది.

ముట్లుడిగాక?

అప్పుడు ఈస్ట్రోజెన్ బాగా తగ్గిపోతుంది. ఇంకో చిక్కేమిటంటే, ఆడవాళ్ళలో ఉబ్బు చిన్నగా ఉండగానే చిట్లే ప్రమాదం ఉంది. అందుకే ఆపరేషన్ ఆలోచన మగవాళ్ళకి 5.5 సెంటీమీటర్ల దగ్గరైతే, మనకి 5 దగ్గరే మొదలవుతుంది.

"అయితే హార్మోను మాత్రలు మింగితే సరిపోదా?" అంటారేమో. వద్దు! ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రలు గుండెను కాపాడకపోగా పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచాయని 2002లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన తేల్చింది.

మన అనంతపురం వైపు శనక్కాయ చెట్లు పీకి, కాయలు వలిచి నడుము పట్టెయ్యడం మామూలే. నడుమునొప్పులన్నీ ఈ జబ్బు కావు, కంగారు పడొద్దు. కానీ పెద్దవయసులో కొత్తగా వచ్చిన నొప్పిని "గ్యాసులే" అని సోడా తాగి పడుకోవద్దు.

గుర్తుంచుకోండి

• ఈ జబ్బుకు అన్నిటికన్నా పెద్ద శత్రువు పొగ. బీడీ, చుట్ట, సిగరెట్ ఎవరు తాగుతున్నా మాన్పించండి.

• బి.పి. చూపించుకోండి. ఊరగాయ, అప్పడాల్లోని ఉప్పు మీద ఓ కన్నేసి ఉంచండి.

• తోబుట్టువులకో, తల్లిదండ్రులకో ఈ జబ్బు ఉంటే, లేదా పొగ అలవాటున్నవాళ్ళకు అరవై దాటితే, పొట్ట స్కానింగ్ గురించి డాక్టర్ని అడగండి. కడుపుతో ఉన్నప్పుడు చేసే అల్ట్రాసౌండ్ లాంటిదే, నొప్పి ఉండదు.

• పొట్టలోనో, నడుములోనో ఉన్నట్టుండి భరించలేని నొప్పి, చెమటలు, కళ్ళు తిరగడం ఉంటే క్షణం ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి.

పుట్టపర్తిలో 1991లో వెలిసిన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి గుండెజబ్బులకు ఉచిత వైద్యంతో పేరు పొందింది. దూరాభారమని భయపడే కాలం కాదిది. ఇంట్లో మగవాళ్ళకు బాగోకపోతే వెంటనే పరుగెత్తే మనం, అవ్వ నొప్పి అంటే "వయసు మీద పడిందిలే" అని తోసెయ్యడం ఇకనైనా మానేద్దాం.