స్ట్రోక్ రిహాబ్

పక్షవాతం వచ్చిన మనిషికి ప్రాణగండం తప్పాక, చేయించే పునరావాస చికిత్స ఇది. మెదడులో చచ్చిపోయిన కణాలు తిరిగిరావు. పదేపదే సాధన చేయిస్తే మిగిలిన భాగాలు వాటి పనిని కొంతవరకు నేర్చుకుంటాయి. ముందు చూసేది మింగడం. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు; ‘ఒక గుక్క తాగించండి’ అనే చుట్టాలను ఆపాల్సిందే. తర్వాతే కూర్చోవడం, నిలబడటం, చొక్కా తొడుక్కోవడం.

తొందర కూడా చేటే. మొదటి 24 గంటల్లోనే రోగిని లేపి ఎక్కువగా కదిలిస్తే కోలుకోవడం తగ్గిందని 2015 నాటి అవర్ట్ అధ్యయనం తేల్చింది. ఇంటివాళ్లకు నేర్పి వాళ్లచేతే చేయిస్తే? మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో చేసిన అటెండ్ అధ్యయనం (2017)లో మామూలు చికిత్స కంటే అదనపు మేలు కనబడలేదు.

చికిత్సలో భాష సంగతీ చూసుకోవాలి. కర్ణాటకలోని బాగేపల్లి తాలూకా పాతపాళ్య వైపు ఎన్నో ఇళ్లలో మాట్లాడేది తెలుగే. వైద్యానికి బెంగళూరు వెళితే, నాడీ పునరావాస విభాగమున్న నిమ్హాన్స్‌కైనా సరే, మాట పడిపోయిన మనిషి ఇంటిభాష ఏదో చేర్చేటప్పుడే చెప్పాలి. స్పీచ్ థెరపీ ఆ భాషలోనే అడగాలి. కన్నడలో పలకలేకపోయిన పెద్దాయన తెలుగులో పలకవచ్చు.