గోడలోని తీగ మోసిన కబుర్లు

ఎక్స్-10 అనగానే ఏదో రహస్య ఆయుధం అనిపిస్తుంది. నిజానికది వరస సంఖ్య. స్కాట్లాండ్‌లోని గ్లెన్‌రోథెస్‌లో పికో ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ తన ప్రాజెక్టులకు నంబర్లు వేసుకునేది. మొదటి ఎనిమిదీ కాలిక్యులేటర్ చిప్పులు. తొమ్మిదోది బీఎస్ఆర్ కంపెనీ కోసం చేసిన రికార్డు ప్లేయరు పని. రికార్డులో కావలసిన పాటను కుర్చీలోంచి లేవకుండా రిమోట్‌తో ఎంచుకోవచ్చు; ఆ ఆదేశాలు చెవికి అందని అల్ట్రాసౌండ్ మీద వెళ్లేవి. పాటను దూరం నుంచి మార్చగలిగితే దీపాన్ని ఎందుకు ఆర్పలేం? 1975లో పదో ప్రాజెక్టు, అంటే ఎక్స్-10, ఈ ఆలోచనతోనే మొదలైంది.

అల్ట్రాసౌండ్ గోడ దాటదు. పక్క గదికి కొత్త తీగ లాగాలంటే గోడలు తవ్వాలి. అయితే ప్రతి గదికీ ముందే ఒక తీగ ఉంది కదా, కరెంటుది!

ఏసీ కరెంటు వోల్టేజి పైకీ కిందికీ ఊగుతూ ప్రతి ఆవృత్తిలో రెండుసార్లు సున్నాను దాటుతుంది. సరిగ్గా ఆ క్షణంలో, డప్పు మోతలో రెండు దెబ్బల మధ్య గుసగుసలాడినట్టు, ఎక్స్-10 ఒక మిల్లీసెకను పాటు 120 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని తీగలోకి వదులుతుంది. సంకేతం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. మరుసటి దాటులో దానికి సరిగ్గా వ్యతిరేకం పంపుతుంది, తప్పు పట్టుకోవడానికి. అమెరికాలోని 60 హెర్ట్జ్ కరెంటు మీద ఒక దీపం వెలిగించే పూర్తి ఆదేశానికి 47 ఆవృత్తులు, అంటే సుమారు 0.8 సెకను పట్టేది. నత్తనడకే, కానీ దీపానికి తొందరేముంది?

చిరునామా పద్ధతి ఇంకా ముచ్చటైనది. ఇంటికి ఏ నుంచి పీ దాకా ఒక అక్షరం, పరికరానికి 1 నుంచి 16 దాకా ఒక అంకె, మొత్తం 256. చిన్న స్క్రూడ్రైవరుతో రెండు చక్రాలు తిప్పితే సరి. నేటి స్మార్ట్ బల్బు అడిగే పాస్‌వర్డుల తతంగం చూసినవాళ్లకు ఆ చక్రాల విలువ తెలుస్తుంది.

1978లో ఎక్స్-10 రేడియోషాక్, సియర్స్ దుకాణాల ద్వారా అమెరికా ఇళ్లకు చేరింది. చిక్కులూ అక్కడే మొదలయ్యాయి. అక్కడి ఇంటికి కరెంటు రెండు పాయలుగా వస్తుంది. మీట ఒక పాయ మీద, దీపం మరో పాయ మీద ఉంటే సంకేతం బయటి ట్రాన్స్‌ఫార్మరు దాకా వెళ్లి నీరసించి తిరిగి వచ్చేది. రెండు పాయలనూ కలిపే ఎలక్ట్రిక్ పొయ్యి వెలిగిస్తే మాత్రం అంతవరకూ మొండికేసిన దీపం పలికేది! అదే ట్రాన్స్‌ఫార్మరు మీద ఉన్న పొరుగువారూ అదే అక్షరం పెట్టుకుంటే వాళ్ల మీట మనింటి దీపం ఆర్పేది. దీపాలకు తగిలించే మామూలు ఎక్స్-10 మాడ్యూళ్లు తిరిగి జవాబు పంపేవి కావు కనుక దీపం నిజంగా వెలిగిందో లేదో మీటకు తెలిసేది కాదు.

అసలు దెబ్బ మరోవైపు నుంచి వచ్చింది. కంప్యూటర్ల, కొత్త టీవీల పవర్ సప్లైలలోని ఫిల్టర్లు 120 కిలోహెర్ట్జ్‌ను మింగేసేవి. ఇల్లు ఎంత ఆధునికమైతే ఎక్స్-10 అంత చెవిటిదయ్యేది.

2005లో వచ్చిన ఇన్‌స్టియాన్ అనే మరో పద్ధతి కరెంటు తీగనూ రేడియోనూ కలిపి వాడుకుంది, పరికరాల నుంచి జవాబులూ రప్పించింది. పాత ఎక్స్-10 భాషనూ అర్థం చేసుకుంది. అయితే పరికరాలను ఫోనుతో కలిపే దాని హబ్, కంపెనీ సర్వర్ల మీద ఆధారపడేది. 2022 ఏప్రిల్‌లో అవి ఉన్నట్టుండి ఆగిపోవడంతో ఫోను నుంచి ఇచ్చే ఆదేశాలు పనిచేయలేదు. ఏ సర్వరూ అక్కరలేని ఎక్స్-10 మాడ్యూళ్లకు ఆ బెడద లేదు. చివరికి ఆ ఏడాదే వాడకందార్ల బృందమొకటి ఇన్‌స్టియాన్‌ను కొని, సర్వర్లను మళ్లీ నడిపించింది.