అనంతపురపు ఎండలో మా కెమేరా

ఇల్లు చక్కబెట్టుకొనుటకే ప్రొద్దు చాలని ఆడువారికి ఫోటోలు తీయు వేడుక యేల యని మమ్ము పలువురు అడిగిరి. వీణ వాయించు వారిని గాని, ముగ్గులు దిద్దు వారిని గాని యెవ్వరును ఇట్లడుగరు. కెమేరా వెలగల వస్తువగుటచేతను, దానిని మెడలో వ్రేలాడదీసికొని వీధులు తిరుగవలసి వచ్చుటచేతను కాబోలు, ఇది మగవారి పని యని లోకము తలచినది.

చరిత్ర చూచినచో సంగతి వేరుగా నున్నది. 1815లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరన్ అను ఆంగ్ల వనితకు 1863లో కూతురును అల్లుడును ఒక కెమేరా బహుమానముగా నిచ్చిరి. అప్పటికామె వయస్సు 48 ఏండ్లు. ఆమె తన పెరటిలోని కోళ్లగూటినే చిత్రశాలగా మార్చుకొని, ఆ కాలపు మహాకవుల ముఖములను, ఇంటి పనికత్తెల ముఖములను ఒకే శ్రద్ధతో చిత్రించెను. మన హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ గారు 1892లో ఘోషా స్త్రీల కొరకు ప్రత్యేకముగా జనానా స్టూడియో నెలకొల్పిరి. అందు ఫోటోలు తీయుటకు ఒక ఆంగ్ల స్త్రీనే నియమించిరి. పత్రికల కొరకు ఫోటోలు తీసిన తొలి భారతీయ మహిళ హోమాయి వ్యారవల్లా గారికి 2011లో పద్మవిభూషణ బిరుదము లభించినది. కావున సోదరీమణులు ఈ విద్య తమది కాదని సంకోచింప పనిలేదు. నేడు చేతిఫోనులోనే కెమేరా యున్నది గదా!

మేముండునది అనంతపురపు మెట్టసీమ. పడమటి కనుమలు నైరుతి వానలను అడ్డగించుటచేతను, తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వానలు అంతగా చేరకపోవుటచేతను, ఇచట ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుసెనగ విత్తి ఆకాశము వంక చూచుటయే రైతు బ్రతుకు. అయితే వానకు కరవైన ఈ నేలపై వెలుతురునకు మాత్రము కరవు లేదు. ఆ వెలుతురును నమ్ముకొనియే మేము కెమేరా చేతబట్టితిమి. దేవాలయములును చెట్లును, ఆటలాడు పిల్లలును, మనుష్యుల ముఖములును వరుసగా మాకు గురువులైనవి. వానివద్ద నేర్చిన పాఠములను ఇచట విన్నవించుచున్నాము.

యాత్రలు

మొదట మేము పోయినది లేపాక్షికి. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలను విభజించినపుడు ఆ యూరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, మాకు మాత్రము అది యింకను మా సీమయే. పదునారవ శతాబ్దిలో అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు కట్టించిన వీరభద్రాలయమచట కలదు. ఊరి మొదటనే యేకశిలా నందీశ్వరుడు కూర్చుండి యుండును. మేము తెలివి తక్కువచే మిట్టమధ్యాహ్నము పోయి, ఒకటి తరువాత నొకటిగా నలువది ఫోటోలు తీసితిమి. ఇంటికి వచ్చి చూడగా అంతయు తెల్లని మంట, దాని క్రింద కాటుకవంటి నీడ. నంది మెడలోని గంటలపేరు ఒక్క దానియందైనను కానరాలేదు.

మరల ప్రొద్దు పొడుచునప్పటికే చేరుకొంటిమి. ఏటవాలు వెలుతురులో రాతిపై చెక్కిన ప్రతి గొలుసును తన నీడతో లేచి నిలిచినది. రాతి శిల్పములకు ఉదయమున రెండు గంటలు, సాయంకాలమున రెండు గంటలు తప్ప తక్కిన కాలము పనికిరాదని నాడు తెలిసికొంటిమి.

మండపపు పైకప్పునందలి వర్ణచిత్రములు వేరొక పాఠము నేర్పినవి. అచట మెరుపుదీపము వేయరాదు. తీక్ష్ణమైన వెలుతురు పాత రంగులకు కీడు చేయును. చీకటిలో చేతితో పట్టుకొన్న కెమేరా అదరును. అందుచే మేమొక తువాలు మడతబెట్టి నేలపై పరచి, దానిపై కెమేరాను వెల్లకిల పెట్టి, కొన్ని క్షణములు ఆగి తనంతట తాను పనిచేయునట్లు అమర్చి, ప్రక్కకు జరిగితిమి. ఆ చిత్రములలోని స్త్రీల చీరల అంచులు, గళ్లు, కొప్పుల తీరులు చూచినచో నేటి నేతగాండ్రు సైతము ముచ్చట పడుదురు. ఆలయము కట్టించిన సోదరులిద్దరును పరివారముతో పొడవైన కుళ్లాయిలు ధరించి నిలిచియుండుటయు అందు కలదు. అయిదు వందల యేండ్లనాటి ఆ పెద్దమనుష్యులు తమ్ము చిత్రించుకొనునపుడు మంచి బట్టలు కట్టుకొని, తాము కోరిన రీతిగా నిలిచిరి. ఈ సంగతి నాడు మాకు వింతగా తోచలేదు. తరువాత మాత్రము పదేపదే జ్ఞప్తికి వచ్చినది.

కదిరి సమీపమున తిమ్మమ్మ మర్రిమాను కలదు. అయిదెకరములకు మించి వ్యాపించిన ఆ చెట్టు 1989లో గిన్నిసు గ్రంథమున కెక్కినది. దానిని ఒక్క ఫోటోలో ఇముడ్చవలెనని ఒక పూటంతయు తిరిగి అలసిపోతిమి. చివరకు ఒక ఊడ ప్రక్కన ఆడుకొను పసివానిని చేర్చి తీసిన దానియందే చెట్టు పెద్దతనము తెలిసినది. అంతయు చూపబోయినచో ఏమియు కనబడదు.

ఆటలు

రాళ్లు కదలవు, పిల్లలు ఆగరు. అనంతపురము ఆటలకు పేరుగన్న పట్టణము. 1969లో ఇచటికి వచ్చి 2009లో మరణించునంతవరకు ఈ సీమకే సేవచేసిన విన్సెంట్ ఫెర్రర్ గారి గ్రామీణాభివృద్ధి సంస్థ పెద్ద క్రీడా గ్రామమును నిర్మించినది. 2010లో స్పెయిను దేశపు ప్రసిద్ధ క్రీడాకారుడు రఫేల్ నడాల్ ఇచటికి వచ్చి బీద పిల్లలకు టెన్నిసుతోపాటు చదువును నేర్పు పాఠశాలను ప్రారంభించెను. పల్లెల బాలికలు హాకీ కర్రలు పట్టి పరుగెత్తుట మా ఊరిలో వింత కాదు.

మొదటిసారి బాలికల హాకీ పోటీకి పోయినపుడు మేము తీసిన వానిలో బంతి ఎచటను లేదు. బంతిని చూచుచు మీట నొక్కినచో, నొక్కునప్పటికి అది పోయి యుండును. బంతిని విడిచి ఆడువారి భుజములను చూడుమని ఒక పెద్దాయన చెప్పెను. భుజము తిరిగిన దిక్కునకే బంతి పోవునట. అది నిజమే. కెమేరా కన్ను సెకనులో అరువదవ వంతు తెరచియుంచినచో పరుగెత్తు కాళ్లు పొగవలె చెదరును. వేయవ వంతునకు తగ్గించినచో గాలిలో లేచిన ధూళి సైతము నిలిచిపోవును. సాయంకాలము నాలుగు గంటల మా యెండలో దీనికి వెలుతురు చాలలేదను మాట యుండదు. చిక్కంతయు ఎర్రమట్టితోనే. కెమేరాకు పాత నూలుచీర పేలిక చుట్టి తీసికొనిపోవుట మాకు అలవాటైనది.

ఆ పోటీలో ఒక బాలిక మోకాళ్లు చెక్కుకొనిపోవ క్రిందపడగా, చెదరిన జుట్టుతో ముఖమెత్తిన క్షణమును మేము పట్టితిమి. మిక్కిలి చక్కగా వచ్చినదని సంతసించి ఆమెకే చూపితిమి. ఆమె ముఖము చిన్నబోయినది. "అక్కా, ఇది మా అమ్మకు చూపిస్తే రేపటినుంచి ఆటకు పంపదు. నేను గోలు కొట్టింది లేదా?" అని అడిగినది. వెదుకగా అది ఒకటి దొరికినది. ముఖము సరిగా కానరాదు గాని చేతులు రెండును పైకి లేచియున్నవి. ఆమె కోరిన దానినే అచ్చువేసి యిచ్చితిమి. అంతతో ఆ సంగతి మరచితిమి.

ముఖములు

మరువకుండిన బాగుండెడిది. ఆ మరుసటి వేసవిని కల్యాణదుర్గము వైపు ఒక పల్లెకు పోయితిమి. చెరువు పూర్తిగా ఎండి, అడుగు నెర్రెలు విడిచియుండెను. ఒక అవ్వ కంపకట్టెలు ఏరుకొనుచుండెను. చినిగిన కోక, ముడుతలు పడిన ముఖము, వెనుక నెర్రెలు విడిచిన నేల! మేము కెమేరా యెత్తగానే ఆమె నవ్వి, "ఉండు తల్లీ, ఇంటికి పోయి కోక మార్చుకొని వస్తా. నాకు ధర్మవరం కోక ఉంది" అనెను. ప్రొద్దు క్రుంకుచున్నది. "వెలుతురు పోతుందవ్వా, ఇట్లే బాగుంది" అంటిమి. ఆమె మారుమాట లేక, నవ్వు మాని నిలిచెను. పోవునప్పుడు, "నాకూ ఒక పటం ఇయ్యల్ల" అనెను. తప్పక తెచ్చి యిత్తుమంటిమి.

ఆ ఫోటోను పెద్దదిగా అచ్చువేయించి పట్టణమున ఒక ప్రదర్శనలో పెట్టితిమి. కరవే రూపు దాల్చి నిలిచినట్లున్నదని అందరును మెచ్చిరి. మాకును గర్వము కలిగినది. పల్లెకు పోవుట మాత్రము రేపు, ఎల్లుండి యని వాయిదా పడుచు ఏడాది గడచినది.

ఒకనాడు ఆ అవ్వ కొడుకును కోడలును మా యిల్లు వెదకుకొనుచు వచ్చిరి. అవ్వ కాలముచేసి ఆరు దినములైనదట. పదునొకండవ నాటికి పటము కట్టించి పూలదండ వేయవలెను. గుర్తింపు కార్డుమీది బొటనవ్రేలంత నల్లని ముఖము తప్ప వారివద్ద మరి యేదియు లేదు. మేము ఆ పెద్ద చిత్రమును తెచ్చి యెదుట పెట్టితిమి. కోడలు చాలసేపు చూచి, "ఇది మా అత్త గాదక్కా. మా అత్త ఎప్పుడూ ఇట్ల నిలబడలేదు. చూసినోళ్లు తినేకి లేని ఇల్లు అనుకుంటారు" అని తల వంచుకొనెను.

మాకు నోట మాట రాలేదు. నాడు తీసినవన్నియు మరల వెదకితిమి. పదునొకండు కలవు. మొట్టమొదటిది వెలుతురు చూచుకొనుటకు ఊరక నొక్కినది. కొంచెము అదరినది కూడ. అందులో అవ్వ కొంగు తలపైకి లాగుకొనుచు, కోక మార్చుకొందునని చెప్పుచు, నోరార నవ్వుచున్నది. కోడలు దానిని చూడగానే, "ఇదే! ఈ నవ్వే మా అత్తది" అని కన్నీరు పెట్టుకొనెను.

దానినే పెద్దది చేయించి పదునొకండవ నాడు మేమే తీసికొనిపోయి యిచ్చితిమి. పటము గోడకు తగిలించిన పిదప ఆ కోడలు పెట్టె తెరచి ఒక కోకను మాకు చూపినది. ఆకుపచ్చని ధర్మవరపు పట్టు, ఎర్రని అంచు. మడత చెడలేదు. కోక మార్చుకొని వచ్చుటకు పావుగంట పట్టియుండును. ఆ పావుగంట మేమామెకు ఇయ్యలేదు. లేపాక్షి పైకప్పునందలి ప్రభువులు కోరినదానికంటె ఆమె కోరినది ఎక్కువ యేమియు కాదు గదా! ప్రదర్శనలో మెప్పుపొందిన చిత్రమును నాటినుండి మేమెచటను చూపలేదు.

కరవు అబద్ధము కాదు. దానిని లోకమునకు చూపవలసిన పనియు కలదు. అయినను కరవు సీమలో నుండువారు కరవు మాత్రమే కారు. వారికి నవ్వు కలదు, పెట్టెలో దాచుకొన్న కోక కలదు.

సోదరీమణులారా, ముఖములు చిత్రింపగోరువారికి మా అనుభవమున తేలిన మాటలు కొన్ని చెప్పి ముగింతుము. నడిమింటి యెండలో మనుష్యులను నిలుపకుడు. కన్నులు గుంటలై కనబడును. వసారా నీడలోనో, వాకిలి గడపకడనో కూర్చుండబెట్టి, ముఖమునకు ఎదురుగా ఒక తెల్లని పంచె పరచినచో దానినుండి మెత్తని వెలుతురు ముఖముపై పడును. సున్నపు గోడ ముందు నిలిపినచో కెమేరా ఆ తెల్లదనమునకు భ్రమసి ముఖమును నలుపు చేయును. అప్పుడు వెలుతురు కొంచెము పెంచవలెను. పిల్లలను తీయునపుడు మీరును నేలపై కూర్చుండుడు. తీసిన దానిని ఫోనులోనే నిద్రింపనీయక కాగితముపై అచ్చు వేయించి, వెనుక పెన్సిలుతో పేరును సంవత్సరమును వ్రాయుడు. ఇతరులను తీసినచో ముందుగా వారి అనుమతి నడిగి, వారికొక ప్రతి వెంటనే యిండు.

మీ యింటిలో అమ్మమ్మకు గాని అత్తగారికి గాని మంచి పటమున్నదా? లేనిచో ఈ ఆదివారమే తీయుడు. ఆమె తనకు నచ్చిన చీర కట్టుకొని, బొట్టో విభూతియో దిద్దుకొని, తీరికగా వచ్చి కూర్చుండునంతవరకు వేచియుండుడు. ఆలోగా వెలుతురు పోయినచో మరునాడు తీయవచ్చును.